మాల్ గాడి మాల్‌కు పోదు

"నాయినమ్మా, నువ్వు మాల్ గాడి ఎక్కినవంట గద?"

ఎవలు చెప్పిండ్రే? మీ నాయినేనా? గప్పుడు ఇంటికాడ ఏడ్సుకుంట ఉన్నోడు వాడే! కూసో, చెప్త.

నైజాం జమానా. మన ఇబ్రహీంపట్నానికి పట్టాలెక్కడియి? ఇప్పటికి లెవ్వనుకో. ఆముదాలు బండికేసుకొని మలక్‌పేట టేషన్ దాక పోవాలె. ఆడికెల్లి రైలు యాకుత్‌పుర, ఫలక్‌నుమ, ఉందానగర్, షాద్‌నగర్, గట్ల పాలమూరు దిక్కు పోతుండె. పోంగ ఉప్పు, గాసునూనె, రాంగ పల్లీలు. మనుషులెక్కే డబ్బలు కావు అయి.

మీ నాయిన పాలుతాగే పోరడు. మా అత్తకు అత్త, ముసలవ్వ, ఆమె ఒళ్ల వెట్టి నేను, మా అత్త, మీ తాత పోయినం, పొద్దుగూకేవరకు వస్తమని. బస్తాలు దించినమో లేదో ఎద్దు కుంటవట్టె. దాపటెద్దు... కాదు కాదు, వలపటెద్దు. మీ తాత దాని కాలు పట్టుకొని కూసున్నడు. నా కాలు నొస్తే ఎన్నడన్న పట్టిండా?

నాకేమో పాలు చేపొచ్చి రయిక తడుస్తున్నది. ఇంటికాడ పోరడు గొంతు చించుకుంటుంటడు. ఎట్ల పోవాలె చెప్పు?

గప్పుడే ఒక హమాలీ "మాల్ గాడి! మాల్ గాడి జరుగుతున్నది, జరుగుండ్రి!" అని మొత్తుకున్నడు. మాల్ ఊరు నీకెరుకే గద, మనూరు దాటి, యాచారం అవుతల. మా అత్త పుట్టిల్లు గదే.

"ఓ పిల్లా, మా ఊరికి రైలేసిండ్రే! ఎక్కు, నడుమ మనూర్ల దిగుదం" అన్నది.

"అత్తా, మన దిక్కు పట్టాలే లెవ్వు గద?"

"మొన్న ఏసిండ్రేమో. నీకు చెప్పి ఏస్తరా?"

అయినా జర అనుమానమొచ్చి హమాలీని అడిగింది. "అన్నా, పట్నంల ఆగుతదా?" ఇబ్రహీంపట్నాన్ని మనం పట్నమనే అంటం గద. వాడు నవ్విండు. "అక్కా, ఆగింది పట్నంలనే గద!" వానికి పట్నమంటే హైదరాబాదు. మా అత్తకు గదే సాలు. మీ తాతను ఎద్దుకాడనే ఇడిచి ఖాళీ డబ్బల ఎక్కి పల్లిపొట్టు మీద కూసున్నం.

ఫలక్‌నుమల గార్డు తలుపు తీసి బీరిపోయిండు. టోపీ వెట్టుకున్న ముసలాయిన.

"మాల్‌కు పోవాలె, జర జల్ది నడుపు" అన్నది మా అత్త.

"మాల్ అంటే సామాను, అమ్మా. నువ్వు సామానువా?"

ఊకుంటదా? "మా ఊరి పేరు వెట్టుకొని మా ఊరికి పోదా? గిదేం రైలు!" అని ఆయన మీదికే లేసింది. నాకు ఏడుపే వచ్చింది. ఆయన నా రయిక దిక్కు చూసి, తల తిప్పుకొని, "పసిపిల్ల తల్లివా బేటీ?" అన్నడు. టేషన్ల ఉప్పు ఎత్తుకుంటున్న, మనూరి దిక్కే ఉన్న బొంగులూరు బండాయినను పిలిచి మమ్మల్ని ఎక్కించిండు. బాలాపూర్ దాటెదాక మా అత్త ఒకటే మాట: "చూసినవా, నేను ఎక్కుమన్నందుకే బండి దొరికింది!"

బొంగులూరు కాడికెల్లి ఉరికినం. దీపాలు వెట్టేయాళ్లకు ఇల్లు చేరితే, ముసలవ్వ తన ఎండిన రొమ్మే వాని నోట్ల వెట్టి ఊపుతున్నది. పోరనికి ఎక్కిళ్లు ఆగుతలెవ్వు. తీసుకున్న. పండ్లు రాని చిగుళ్లతోనే ఎట్ల కొరికిండనుకున్నవ్!

వాడు తాగి నిద్రవోయేదాక మా అత్త నా ఎనక కూసొని ఎన్ను నిమిరింది. ఆమె నామీద గట్ల చెయ్యేసుడు గదే మొదలు...

లోపల నీ చిన్నది లేసినట్టుంది, పో బిడ్డా. దాని కడుపు నిండితే నీ పాణం నిమ్మళమైతది. సల్లగుండుండ్రి తల్లీ పిల్లలు... ఊఁ, పో, ఏడుస్తున్నది...