కెప్టెన్ కోటు కుట్టిందెవరు?

టీ కొట్టు ముందు రెండు బెంచీలూ నిండిపోయాయి. ‘గగన దళం’ సినిమాల అభిమానుల సంఘం అక్కడ సమావేశమైంది. అంతరిక్షంలో సాహసాలు చేసే కెప్టెన్ కథ అది. ఐదో భాగం వచ్చే నెల విడుదల. సంఘంలో ముప్పై మందీ కెప్టెన్ వేసుకునే నీలం కోటు తొడుక్కుని మొదటి ఆటకి వెళ్ళాలని తీర్మానించారు. ఎవరిచేత కుట్టించాలన్నది ఆ పూట తేలాలి. అది తేలకుండానే మాట పక్కదారి పట్టింది.

“కొత్త పోస్టర్ చూశారా? కెప్టెన్‌కి తొడిగింది కోటా, ఫ్రిజ్ కవరా?” అంది సంఘం కార్యదర్శి. ల్యాబులో రక్తపరీక్షలు చేసే అమ్మాయి ఆమె. “మొదటి భాగంలో కోటు చూడండి. నోరు విప్పకముందే వాడు కెప్టెనని తెలిసిపోయేది.”

“అదీ అంతంతమాత్రమే. పాతదనేసరికి అందరికీ ముద్దొస్తుంది,” అన్నాడు ఫోన్లు బాగుచేసే అతను.

ఎదురు షాపు టైలర్ మాస్టారు అప్పటికి రెండో టీ తాగుతున్నాడు. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆయన చేతికి కొత్త బట్ట తగిలి ఏడాది దాటింది. పొద్దస్తమానం ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, అంతే. ముప్పై కోట్లు కుట్టించాలన్న మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. అలాగని నోరు తెరిచి పని అడిగే రకం కాదు. వాళ్ళే వచ్చి బతిమాలాలి.

“అంతంతమాత్రమా?” అన్నాడు గ్లాసు ఠక్కున బెంచీ మీద పెట్టి. “అది ఎవరి చేతిలోంచి వచ్చిందో తెలిస్తే ఆ మాట అనవు నాయనా.”

మాస్టారి బావమరిది, పక్కనే ఇస్త్రీ కొట్టు నడిపేవాడు, అప్పుడే వచ్చి కూర్చున్నాడు. “మొదలైంది,” అని తనకో టీ చెప్పుకున్నాడు.

“నేనేం గొప్పలు చెప్పుకోను. ముందు నేను ముట్టుకుంది దాని చెయ్యి ఒక్కటే,” అన్నాడు మాస్టారు. “షూటింగువాళ్ళు ఈ దారినే పోతూ కారాపి, మాస్టారూ, కోటు చెయ్యి రెండు వేళ్ళు పొడుగైంది, కాస్త చూడండి అన్నారు. మడిచి కుట్టిచ్చాను. హీరో తొడుక్కున్నాడు, చెయ్యి పైకెత్తాడు, దించాడు, బావురుమన్నాడు. ఎందుకో తెలుసా? ఆ ఒక్క చెయ్యి సరిగ్గా కుదిరేసరికి మిగతా కోటంతా ఎంత దరిద్రంగా ఉందో తెలిసొచ్చింది! విప్పి అవతల పారేసి, మాస్టారు కుడితే సరే, లేకపోతే అంతరిక్షానికి వెళ్ళేది లేదని కారు కింద పడుకున్నాడు.”

“కారు కింద ఎందుకు బావా?”

“నువ్వు చూశావా? నేను చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డైరెక్టరు పరిగెత్తుకొచ్చి కొలతలు తీసుకోమన్నాడు. కొలతలా? నేనా? తలుపవతల నించోబెట్టి హీరోని దగ్గమన్నాను. దగ్గు వింటే చాలదూ, ఛాతీ ఎంతో నడుమెంతో! టీ చల్లారేలోపు కోటు చేతిలో పెట్టాను. దాన్ని చూసి సైన్యానికీ కావాలన్నారు. ఎంతమంది? నాలుగు వందలు. మిషన్ వేగానికి దారం కాలిపోతుంటే మా ఆవిడ పక్కన నించుని చెంబుతో నీళ్ళు పోసింది. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు!”

“నాలుగు వందలేగా అడిగింది?” అన్నాడు టీ కొట్టాయన.

“చెయ్యి ఆగొద్దూ! మిగిలిన కోట్లు ఏం చెయ్యాలో తెలీక డైరెక్టరు కథలో పన్నెండు మందిని పెంచాడు. రెండో భాగంలో పన్నెండు మంది వీరులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారనుకున్నారు?”

“అందుకా ఆ కథ అలా తగలడింది!” అన్నాడు ఫోన్లతను.

“కథ తగలడితే రాసినవాణ్ణి అడుగు. కోటులో ఒక్క కుట్టు వంకరుంటే నన్నడుగు!” మాస్టారు లేచి నించున్నాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరితరమూ కాదు. “అసలు సంగతి వినండి. నిజంగా రాకెట్లు పంపేవాళ్ళున్నారే, వాళ్ళొచ్చారు. కోటు మెడా చేతులూ బిగించి నీళ్ళు పోశారు, చుక్క కారలేదు. గాలి ఊదారు, పోలేదు. ఊదగా ఊదగా కోటు పైకి లేచింది. పట్టుకుందామని చెయ్యేశాను, నేనూ లేచాను. మేడలు దాటాను, మబ్బులు దాటాను. చందమామ పక్కన చూద్దును గదా, ఆకాశం ఓ మూల కుట్టు విడిచి వేళ్ళాడుతోంది! నాలుగు నక్షత్రాలు జారిపోయేలా ఉన్నాయి. నా కాలర్ వెనక సూది ఎప్పుడూ ఉంటుంది. ఒంటిచేత్తో కోటు పట్టుకుని, రెండో చేత్తో...”

“దారం?”

“చొక్కా అంచులోంచి లాగాను. కుట్టేశాను. ఇప్పటికీ కుట్టు కనపడదు, కావలిస్తే చూసుకోండి!”

వద్దనుకుంటూనే అందరూ తలెత్తి చూశారు. కార్యదర్శి మాత్రం ఫోనులో ఏదో వెతుకుతోంది.

“మాస్టారూ, అంటే మొదటి భాగంలో కెప్టెన్ కోటు పూర్తిగా మీ చేతిపనేనా?”

“మెడ నుంచి అంచు దాకా.”

“కత్తిరింపూ మీదే?”

“ఇంకెవరిదమ్మా!”

“హమ్మయ్య! ఐదేళ్ళుగా మా సంఘంలో ఇదే గొడవ.” ఫోటో పెద్దది చేసి చూపించింది. “మగవాళ్ళ కోటుకి గుండీలు కుడిపక్కన కదా ఉండాలి? దీనికి ఎడమపక్కనున్నాయి. అందులో లోతైన అర్థముందని మేము, కుట్టినవాడికి పని రాదని వీళ్ళు. మీరే చెప్పండి. కావాలని పెట్టారా, చేతకాక పెట్టారా?”

మాస్టారు ఫోటో మీదికి వంగి చూశాడు. తొలిరోజు సినిమాహాల్లో ఆ గుండీలు చూసి రెండు గంటలసేపు ఒళ్ళు మండిపోయినవాడే. కోతల వేడిలో ఆ సంగతే మర్చిపోయాడు.

బావమరిది చెవి దగ్గర గొణిగాడు. “ఆ గ్రహంలో అందరూ అలాగే వేసుకుంటారని చెప్పెయ్ బావా. కోట్లన్నీ మనకే.”

చెప్పడం ఆయనకెంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ అబద్ధం కాస్తా నిలిస్తే, ఆ వెధవ పని చేసింది మాస్టారేనట అని రేపటినుంచి ముప్పై మంది చెప్పుకుంటారు.

“ఆ కోటు నేను కుట్టలేదు!” అని అరిచాడు. “తెర మీద తప్ప ఎక్కడా చూళ్ళేదు. అబద్ధం చెప్పాను. ఇంకో వంద చెప్తాను, నా నోటికి అదుపు లేదని దండోరా వేసుకోండి. కానీ మగవాడి కోటుకి ఆడవాళ్ళ పక్కన గుండీలు పెట్టానని ఒక్కరన్నా ఊరుకోను!”

బెంచీలు గొల్లుమన్నాయి. కార్యదర్శి కూడా నవ్వి, అంతలోనే తమాయించుకుంది.

“పోనీ మాస్టారూ, మాకు కావలసింది అచ్చం అలాంటిదే. ఎడమపక్కనే పెట్టి ముప్పై కుట్టివ్వండి. మీకే ఇస్తాం.”

ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. మాస్టారుకి ఏడుపొచ్చినంత పనైంది.

“కుట్టను.”

“బావా!”

“నువ్వూరుకో. కుడిపక్కనైతే రామ్మా, పొద్దున్నే షాపు తీస్తాను,” అని వెనక్కి చూడకుండా రోడ్డు దాటాడు.