ఐలయ్య కారులో చలి

మహబూబాబాద్ స్టేషన్ ఎదుట విజయ చాయ్ బండి దగ్గర ఆ రోజు బలరాం గొంతు రైలు కూతను మించిపోయింది. కారణం బల్ల మీదే ఉంది. ప్రేమ్‌సింగ్ కారు తాళాలు. గార్ల పక్క తండా నుంచి తండ్రి నాటి అంబాసిడర్ తోలుకొచ్చాడతను. కూర్చుంటే కాళ్ల కింద ఇంజను వేడి, చెవుల్లో మోత. తల్లి తుల్సీబాయికి మాత్రం మొగుడు నడిపిన ఆ బండి తప్ప వేరేది ఎక్కబుద్ధి కాదు. లోపల వేడీ మోతా లేకుండా చేయించాలని తల్లీకొడుకులు వచ్చారు. పాత కార్ల లోపలి పని తప్ప మరో పని రాని బలరాం షెడ్డుకు మూడు నెలలుగా ఒక్క బండి రాలేదు. ఇదీ చేజారితే షట్టర్ దించుకోవాల్సిందే. అందుకే తాళాల మీంచి చూపు తియ్యకుండా మొదలుపెట్టాడు.

"పెద్ద పనేం గాదన్నా. లింగాల ఘనపూర్ ఐలయ్య అంబాసిడర్ పోయిన ఎండకాలం చేసిన. సీట్లు ఊడదీసి, తుప్పంత గీకి, అడుగుకు, డోర్లకు, టాపుకు డాంబర్ షీట్లు అంటించిన. దాని మీద గోనె సంచులు మూడు వరసలు, ఆపైన ఫోము, కార్పెట్టు. గంతే. మిట్టమధ్యానం టాపుకు లోపల చెయ్యి పెడితే కాలలే."

"సంచులెందుకన్నా?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"గదే నా హునర్, నా పనితనం. మోతంత సంచులే మింగుతయి. మన మిర్చి యార్డుల ఖాళీ సంచులు, మస్తు మందంగుంటయి."

తుల్సీబాయి చాయ్ గ్లాసు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. బలరాం ఆగలేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? ఐలయ్య జనగామల నీళ్ల సీస పట్టుకొని ఎక్కిండు. ఈడ మన మానుకోటల దిగి చూస్తే నీళ్లు గడ్డ కట్టినయి."

"మా ఫ్రిజ్జుల గూడ గంత జల్ది కట్టయి," అంది విజయ.

"ఫ్రిజ్జుదేముంది విజయక్కా, దానికి కరెంటు గావాలె. ఇగ మోత సంగతి జెప్త ఇను. రైలు గేటు కాడ పక్కపొంటి గూడ్సు బండి పోయింది, యాభై డబ్బాలు. ఐలయ్యకు ఇనబడలే. ఇనబడిందల్ల ఏందంటవు, తన నెత్తిల పేను నడిచిన సప్పుడు."

"ఐలయ్యది బట్టనెత్తి గదనే," అంది విజయ.

"గందుకే ఒక్కటే పేను," అన్నాడు బలరాం తడుముకోకుండా. ప్రేమ్‌సింగ్ నవ్వి తాళాలను వేలితో బలరాం వైపు నెట్టాడు. బలరాంకు ఒళ్లంతా హుషారెక్కింది. "భూపాలపల్లిల బొగ్గు లారీల నడుమ ఐలయ్య నాలుగు డోర్లు తీసిండు. లోపలి సల్లదనం రోడ్డు మీద పడేసరికి జనం రుమాళ్లు చుట్టుకున్నరు. వానొచ్చిందనుకొని అడివిల నెమళ్లు ఆడినయి. ఆ కారే గార్లకు లగ్గానికి పోయింది. రోహిణి కార్తె ఎండల ఏడుగురు ఎక్కిండ్రు. దిగినంక ఒక్కొక్కరు గజగజ వణుకుడే. ఉరికి పోయి వంట పొయ్యిల కాడ సలి కాగిండ్రు. కండ్లల్ల నీళ్లు పెట్టుకొని నా పేరు తలుసుకున్నరని ఐలయ్యే ఫోన్ల జెప్పిండు."

"మా చుట్టాల పిల్ల గంగి లగ్గమా బిడ్డా?" మొదటిసారి నోరు విప్పింది తుల్సీబాయి.

"గదే అవ్వా. నీకెట్ల ఎరుక?"

"వెనక సీటుల నేనే ఉంటి. నువ్వు జెప్పింది అబద్ధం గాదు. మోత ఇనబడలే. ఏడుగురం తుమ్ముతుంటె మోతేడ ఇనబడ్తది? ఎండకు కారు కాగినకొద్ది మిరప ఘాటు లేచె. కండ్లెంబడి నీళ్లు. నీ పేరు గూడ తలుసుకున్నం, ఎట్లనో అడుగకు."

విజయ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ప్రేమ్‌సింగ్ తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. బలరాం మొహం వాడిపోయింది. భయపడుతూనే అడిగాడు.

"సల్లగనన్న ఉండెనా అవ్వా?"

"ఉండె బిడ్డా. అద్దాలు నాలుగు దించుకొని పోతిమి."

ఈసారి చాయ్ బండంతా నవ్వింది. నవ్వనిది బలరాం ఒక్కడే. తుల్సీబాయి అతని మొహం చూసింది, కొడుకు వైపు తిరిగి తమ లంబాడీ భాషలో ఏదో అంది. ప్రేమ్‌సింగ్ జేబులో చెయ్యి పెట్టి తాళాలు మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"పని మంచిగనే చేసినవు, కార్పెట్టు ఏడ ఊడలే," అంది ఆమె. "సంచులే నీయి వద్దు. మా ఇంటి వడ్ల సంచులు ఉతికి తెస్తం."

వడ్ల సంచులతో ఒకప్పుడు తాను చేసిన ఘనకార్యం బలరాం నాలుక చివరి దాకా వచ్చింది. తాళాల వైపు చూసి మింగేశాడు.

"సరే అవ్వా," అన్నాడు.