మూటలో కత్తెర

దర్జీ కొట్టు మేడమీద గది, సాయంత్రం వేళ. కంప్యూటరు ముందు బావమరిది. పక్క కుర్చీలో, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, దర్జీ బావ. కింద కొట్లో అక్క.

“...నన్ను పట్టుకుని పిరికి అందిరా ఈ కంప్యూటరు! యాభై రెండేళ్ళొచ్చాయి, మీ అక్కని చేసుకున్నాను. ఇంతకంటే ధైర్యం ఇంకేం కావాలి దీనికి?”

“నిన్ను కాదు బావా. తన గురించి తనే చెప్పుకుంటోంది. ఖాళీ మూట కట్టడానికి నాకు ధైర్యం చాలట్లేదు మహాప్రభో అంటోంది.”

“ఖాళీ ఏంటి? నెల రోజుల సంగీతం పెడితే ఖాళీ అంటావేంటి?”

“ఎక్కడ పెట్టావు? ఫైళ్ళని మూట కట్టే ఆ ‘టార్’ అని కొట్టావు, మూట పేరు కొట్టావు, ఎంటర్ నొక్కి టీకి వెళ్ళిపోయావు. అందులో ఏం వెయ్యాలో చెప్పొద్దూ?”

“ఫైళ్ళన్నీ ఆ పక్కనే ఉన్నాయిగా. దానికి కళ్ళు లేవా?”

“లేవు. నీ కొట్టుకి ఎవడో వచ్చి ‘కోటు’ అనేసి, బట్ట ఇవ్వకుండా వెళ్ళిపోతే కుట్టేస్తావా?”

“సగం మంది అలాగే వస్తారు. ఆ తర్వాత పండక్కి ఇవ్వలేదని పోట్లాడతారు కూడా.”

“అసలు మౌసుతో చేసుకోవచ్చుగా. ఈ నల్ల తెర సరదా నీకెందుకు?”

“ఇది నేర్పే వీడియోలో ఆయన మౌసు పట్టుకునేవాళ్ళని మనుషుల్లోనే జమ కట్టలేదురా. ‘ఒక్క లైను కొట్టండి, లోకం మీ గుప్పిట్లో’ అన్నాడు.”

“బానే ఉంది గుప్పిట. జరుగు, నేను కొడతా. మీ వయొలిన్ మాస్టారు ఎలా పంపమన్నారు?”

“రోజుకి పది నిమిషాల సాధన రికార్డు చెయ్యాలి. వారం వారం ఒక మూట. నాలుగు వారాలు, నాలుగు మూటలు. ఆయనిచ్చిన లింకులో వారానికి ఒక్క ఫైలే పడుతుంది. రేపే ఆఖరు.”

“పంపకపోతే?”

“పంపకపోతే మీ అక్కకి ఫోన్ చేస్తాడు. నన్ను చేర్పించింది తనేగా. మీ ఆయన సాధన మానేశాడా అంటాడు, ఎందుకు మానేశారు అని తనంటుంది... వద్దురా బాబూ. నువ్వు మూట కట్టు.”

“ఇదుగో చూడు. ముందు టార్. మూట పేరు. ఆ తర్వాత మొదటి వారం ఫైళ్ళు ఏడూ. ఇక్కడితో మూటయింది. ఇప్పుడు ఎక్స్‌జెడ్, మైనస్ తొమ్మిది. అంటే గట్టిగా నొక్కవే అని. ఎంటర్.”

“ఏం కదలట్లేదే?”

“నొక్కుతోంది. పరుపు కాదుగా, ఎక్కి కూర్చోగానే అణిగిపోవడానికి. టీ ఇటివ్వు.”

“నువ్వే తీసుకో. అదుగో, కిటికీలో ఉంది.”

“నీ పక్కనే ఉందిగా, అందిస్తే ఏం పోయింది?”

“వయొలిన్ పట్టుకున్నాను కనబడట్లేదూ? కళాకారుణ్ణి టీలు మొయ్యమంటావేంట్రా.”

“అబ్బో. ఇందాక టైపు చేసింది కూడా ఎడంచేత్తోనేగా, ఒక్క వేలితో. కోడి గింజలేరినట్టు.”

“కుడిచెయ్యి కమాను పట్టేది. దాన్ని కీబోర్డు మీద అరగదీసుకుంటామా? ఏమయింది నీ నొక్కుడు?”

“అయింది. మూడొందల డెబ్బై ఎంబీ ఉన్నది మూడొందల ఇరవై అయింది.”

“ఇంతేనా! ఇంతసేపు నొక్కి? నా ఇస్త్రీపెట్టె నయం.”

“తప్పు దానిది కాదు బావా. దానికి తెలిసిన విద్య ఒక్కటే. వచ్చిందే మళ్ళీ వస్తే రెండోసారి రాసుకోదు, ‘పైదే’ అని గుర్తు పెట్టుకుంటుంది. అలా మిగిల్చుకుంటుంది చోటు. నీ వాయింపులో ఒకసారి పడిన స్వరం మళ్ళీ అదే చోట పడితేగా?”

“అది మనోధర్మం అంటార్రా.”

“మా అక్క ఇంకోటేదో అంటోంది.”

“మీ అక్కా? నేను సాధనకి కూర్చోగానే కొట్టు షట్టరు సగానికి దించేస్తుంది తెలుసా! ఆ గంటసేపు బేరం లేదు, ఏమీ లేదు. నా పాట వినడానికి.”

“బయటివాళ్ళు వినకూడదనేమో.”

“నీ నోట్లో... నువ్వు రెండో వారం కట్టు ముందు.”

“ఒరే తమ్ముడూ! పైన కొత్త బ్లేడేమన్నా ఉందేమో చూసి పడేయరా! నాది మొద్దుబారింది!”

“చూస్తా అక్కా! ...ఏం బావా, బ్లేడెక్కడుంది? మీ కొట్లో బ్లేడుతో పనేంటి, గడ్డాలు కూడా గీస్తున్నారా?”

“కుట్లు విప్పడానికిరా. ఆ డబ్బాలో ఉంటాయి. ఎవరో వదులు చెయ్యమని తెచ్చుంటారు. నెలలో లావెక్కిపోతున్నారు జనం.”

“ఇదుగో అక్కా, పడేస్తున్నా, చూసి పట్టుకో! ...ఆఁ. రెండో వారం. నొక్కు... అరె.”

“ఏంటి?”

“అయిపోయింది.”

“అయిపోవడమేంటి, అంత త్వరగా? ఎంతకి దిగింది?”

“నలభై ఆరు.”

“మూడొందల నలభై ఆరా?”

“ఉత్త నలభై ఆరు.”

“చూశావా! అలా నొక్కాలి. ఇందాక అదింకా వేడెక్కలేదు. ఇస్త్రీపెట్టె కూడా అంతే, మొదటి చొక్కా...”

“బావా, ఏడు ఫైళ్ళు కలిసి ఒక్క ఫైలంత అయ్యాయి.”

“మంచిదేగా. నెట్టు కూడా తక్కువ తింటుంది.”

“ఉండు, మూడో వారం చూద్దాం. ...నలభై ఆరు. అంకె కూడా తేడా లేదు.”

“నా చెయ్యి స్థిరపడిందిరా. మొదటి వారం మనోధర్మం, రెండో వారం నుంచి సాధకం. మాస్టారు అదే చెప్పేవాడు, రోజూ ఒక్కలాగే రావాలని.”

“ఒక్కలాగే వస్తే ఇలా రాదు బావా. ఎంత గొప్పవాడు వాయించినా నిన్నటి పది నిమిషాలు, ఇవాళ్టి పది నిమిషాలు దీనికి వేరువేరే. గాలి వేరు, గీత వేరు, నీ దగ్గు వేరు. ‘పైదే’ అని రాసుకుందంటే వెంట్రుకవాసి తేడా లేదన్నమాట. మూట విప్పి వింటాను.”

“విప్పడం దేనికి? ఇంత కష్టపడి నొక్కింది కదా, పాపం!”

“సరిగ్గా పడ్డాయో లేదో చూడొద్దూ? టార్, మైనస్ ఎక్స్... విప్పింది. పదో రోజు వేస్తున్నా.”

“సౌండు తగ్గించు. కింద మీ అక్క...”

“రోజూ వినేదేగా. షట్టరు దించుకుని మరీ వింటుందన్నావు. ...ఆహా. ఇది పాటా, పాత గేటా?”

“నచ్చకపోతే ఆపెయ్.”

“ష్. అదుగో, విను.”

“ఏం వినాలి?”

“‘ఏమండీ, పెద్ద కత్తెర ఎక్కడ పెట్టారూ’ అని అక్క అరిచింది.”

“అరుస్తుంది. కొట్లో కత్తెర అవసరం పడదా?”

“పదమూడో రోజు వేస్తున్నా. ...ఇదుగో. ‘ఏమండీ, పెద్ద కత్తెర ఎక్కడ పెట్టారూ.’ అదే చోట.”

“మతిమరుపురా మీ అక్కకి. మీ వంశంలోనే ఉంది.”

“పంతొమ్మిదో రోజు.”

“ఒరే, ఆపరా.”

“‘ఏమండీ, పెద్ద కత్తెర...’ రోజూ అదే నిమిషానికి, అదే గొంతుతో, ఆ ‘రూ’ దగ్గర అదే సాగతీతతో పోగొట్టుకుంటోందా బావా కత్తెర? ఆ కత్తెరకి కాళ్ళున్నాయా, గడియారం ఉందా?”

“ఆపమన్నానా!”

“సరే. ఆపాను. ఏడో రోజు రికార్డునే కాపీలు కొట్టావు.”

“ఈ దరిద్రపు టూలు ఇలా పట్టిస్తుందని ఆ వీడియోలో ఒక్క ముక్క చెప్పలేదు వాడు. గుప్పిట్లో లోకమన్నాడు.”

“మరి రోజూ సాయంత్రం ఈ గదిలోంచి గంటసేపు వినబడేది?”

“అదే. పెద్ద స్పీకరులో. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచి.”

“ఆ గంటా నువ్వేం చేస్తావు? పడుకుంటావా? మా అక్క కింద ఒంటిచేత్తో కొట్టు ఈదుతుంటే, నువ్విక్కడ గురక పెడుతూ... సిగ్గుండాలి బావా! నేను చెప్తాను. ఇప్పుడే వెళ్ళి చెప్తాను.”

“కూర్చో.”

“కూర్చోను.”

“కూర్చోరా. ఇదుగో, ఈ కమాను తీగ మీద పెడుతున్నాను. నేనేం వాయించను. ఊరికే ఆనించి ఉంచుతాను. చూడు.”

“...గీరుతున్నావు.”

“నేను గీరట్లేదు.”

“మరి... బావా, నీ చెయ్యి.”

“ఎనిమిదో రోజు మొదలైంది. కమాను వేడి పెనం మీద నీటిబొట్టులా గెంతుతోంది. సరే, అలసట అనుకున్నాను. తొమ్మిదో రోజు చలి అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడానికి ఏం దొరకలేదు. ఆ గంటా ఇక్కడ కూర్చుని చెయ్యి వేడినీళ్ళలో పెట్టుకుంటాను. రబ్బరు బంతి నొక్కుకుంటాను. నీ ఎక్స్‌జెడ్ లాగే, మైనస్ తొమ్మిది.”

“డాక్టరుకి చూపించావా?”

“చూపిస్తే పేరు పెడతాడు. పేరు లేనంతవరకూ అది ఉత్త వణుకు.”

“నీకేమన్నా పిచ్చా? ఇది దాచుకునే సంగతా?”

“దర్జీవాడి చెయ్యిరా ఇది. నీ కళ్ళకి వయొలిన్ కనబడుతోంది. నాకు వయొలిన్ పోతే పోయింది, ఎలాగూ పాత గేటన్నావు. సంగీతం మానేశానంటే మీ అక్క ఎందుకంటుంది. చెయ్యి వణుకుతోందంటే తను చూసేది వయొలిన్ కాదు, కొట్టు. ముప్ఫై ఏళ్ళ కొట్టు.”

“అందుకని గిన్నె, బంతి, స్పీకరు. పెద్ద గూఢచారివి.”

“వెక్కిరించు. నీ వంతు.”

“వెక్కిరించడం కాదు... సరే, వెక్కిరింపే. మరి కుట్టుపనో? మిషనంటే కాలితో తొక్కుతావు, నడుస్తుంది. చేతిపని ఎలా చేస్తున్నావు?”

“అదేరా వింత! నీకు చెప్దామనే అనుకుంటున్నాను. కోట్లకి గుండీల కాజాలు చేత్తోనేగా కుట్టేది. కుట్టేటప్పుడు చూస్తే పాము పాకినట్టుంటుంది కుట్టు. మధ్యాహ్నానికల్లా అలాగే మడిచి బల్ల మీద పెట్టేస్తాను. మర్నాడు పొద్దున చూస్తే నిక్షేపంలా ఉంటాయి! అచ్చు నా పాత చేతివాటమే. మొన్న కోటు సరిపోయిందో లేదో చూసుకోడానికొచ్చిన లాయరు వేలు పెట్టి తడిమి చూసి, ఈ చేతికి వయసు రాదా అన్నాడు.”

“మర్నాటికి బాగుంటాయా?”

“అవును. ఒకసారి కాదు, రోజూ. అప్పుడర్థమైంది నాకు. చెయ్యి బానే ఉంది, కంగారుకి కళ్ళే తప్పు చూస్తున్నాయి. సూది పట్టుకుంటే ముప్ఫై ఏళ్ళ అలవాటు దాని పని అది చేసుకుపోతోంది. ఈ వణుకు వయొలిన్‌కే. నాలుగు రోజుల్లో అదీ పోతుంది. అందుకే మీ అక్కకి చెప్పలేదు. ...ఏంట్రా, అలా నేల చూస్తున్నావు?”

“ఏం లేదు.”

“కింద ఏముంది, చూడ్డానికి?”

“అక్క.”

“అక్కేంటి?”

“నేను ఆఫీసు నుంచి వస్తూ ఆ షట్టరు కింద నుంచి దూరినప్పుడల్లా, ఒళ్ళో ఏదో పెట్టుకుని ఉంటుంది. నన్ను చూడగానే బల్ల కింద దాచేస్తుంది. నీ పుట్టినరోజుకి చొక్కా కుడుతోందేమో, నాకెందుకులే అనుకున్నాను.”

“దాచేది చొక్కాయే అయ్యుంటుంది. మనసున్న మనిషిరా.”

“బావా, ఆ స్పీకరు కిందికి బాగా వినబడుతుందా?”

“వినబడాలనేగా పెట్టింది! వీధి చివరికి వినబడుతుంది.”

“అందులో అక్క గొంతు కూడా? గంటకి ఆరుసార్లు, ‘పెద్ద కత్తెర ఎక్కడ పెట్టారూ’ అని?”

“...సందడిలో ఏం వింటుందిరా. బేరాలు, మిషను చప్పుడు...”

“షట్టరు దించేస్తుందన్నావు. బేరం ఉండదన్నావు.”

“నువ్వు పోలీసువి కావలసిందిరా. ఇదుగో, మాటివ్వు. మీ అక్కతో ఒక్క ముక్క అనకూడదు. ఆ నాలుగో మూట కట్టి పంపించెయ్. మాస్టారికి సంగీతం వచ్చుగానీ టార్ రాదు, కనిపెట్టలేడు.”

“పంపుతాను. కానీ బావా, అక్కకి...”

“ష్! మెట్ల దగ్గరికొచ్చింది. మొహం మామూలుగా పెట్టు. తనకి మాత్రం తెలియకూడదు.”

“ఒరే తమ్ముడూ! మీ బావని ఆ రికార్డు మధ్యలో ఆపొద్దని చెప్పరా! కత్తెర ఎప్పుడో దొరికిందిగానీ, లాయరుగారి కోటుకి ఇంకా రెండు కాజాలు విప్పి కుట్టాలి నేను!”