బాబాయి గోడకి కన్నం పడిన రోజు

ఇలా కూర్చో. ఇల్లు కట్టి కరెంటు లైను కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నానన్నావు గనక చెప్తున్నా. మధ్యలో "తాతా, కోతలు కొయ్యకు" అన్నావో, లేచిపోతా. దమ్ముంటే అంతా విన్నాక అను. మా తాపీమేస్త్రి బాబాయి సంగతిది. పోయి చాలా ఏళ్ళయిందిలే. ఆయన పూత పూసిన గోడ మీద చీమ ఎక్కాలంటే జారి కిందపడేది, అంత నునుపు! ఏం, నవ్వొస్తోందా? తన గోడకి ఎవడైనా మేకు కొడితే అది తన ఒంట్లోనే దిగినట్టు విలవిల్లాడేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతివే. పూత పూర్తవగానే తాపీ కడుక్కుని, తాళంచెవి ఇంటాయన చేతిలో పెట్టి వచ్చేసేవాడు. ఆ తరవాత నీళ్ళవాళ్ళు, కరెంటువాళ్ళు ఎప్పుడొస్తారో, వచ్చి ఏం చేస్తారో ఒక్కనాడూ చూళ్ళేదు. ఇల్లంటే గోడలూ కప్పూ, మిగతావి వాటంతటవే వస్తాయనుకున్నాడు.

సొంతిల్లు కట్టుకున్నాక తెలిసొచ్చింది. అద్దెగది ఖాళీ చేయించేశారు. పిన్నికి నెలలు నిండాయి. కొత్తింట్లో చుక్క నీళ్ళు లేవు, దీపం లేదు. నీళ్ళాఫీసుకెళ్తే, "ముందు స్తంభం పాతమనవయ్యా. మేం పైపు వేశాక వాళ్ళు గునపంతో పొడిస్తే ఎవడిది పూచీ?" కరెంటాఫీసుకెళ్తే, "ముందు పైపు వెయ్యమను. మా స్తంభం పక్కన వాళ్ళు తవ్వి పడగొడితేనో?" ఆస్పత్రా? ఎక్కడిదిరా అప్పుడు! పురుడు పోసే నర్సమ్మ ఒక్కత్తే దిక్కు. ఆవిడేమో, "మేస్త్రీ, నీళ్ళు లేనిదే నేను చెయ్యి పెట్టను, రెండు ప్రాణాలు" అంది. పిన్ని మాటిమాటికీ బిందెలోకి తొంగిచూసేది. అది చూళ్ళేక బాబాయి మళ్ళీ ఆఫీసుల దారి పట్టేవాడు.

ఇక ఇలా కాదనుకున్నాడు. కరెంటు సూపర్వైజరు దగ్గరికెళ్ళి, "నీళ్ళాయన అంటున్నాడండీ, మీకు స్తంభం నిటారుగా నిలబెట్టడం రాదట" అన్నాడు. నీళ్ళ సూపర్వైజరుతో, "కరెంటాయన అంటున్నాడండీ, మీ పైపులు జల్లెళ్ళట." అంతే! మర్నాడు ఇద్దరూ మనుషుల్ని వేసుకుని బాబాయి గుమ్మంలో దిగారు. ఆ అరుపులకి మూడు వీధుల కాకులు లేచిపోయాయి, నా కళ్ళతో చూశా. సరిగ్గా అప్పుడే లోపల్నించి పిన్ని కేక. ఇద్దరూ బాబాయి వైపు తిరిగారు. "ఎవరయ్యా?" "మా ఆవిడండీ. నొప్పులు. ఉన్న ఒక్క బిందెతోనే నర్సమ్మ లోపలికెళ్ళింది." నీళ్ళాయన ప్యాంటు మడిచి గునపం అందుకున్నాడు. కరెంటాయన, "నువ్వు ఆ పక్క తవ్వు, నా స్తంభం సంగతి నేను చూసుకుంటా" అని పార పట్టాడు. ఆఫీసర్లు, ఒరేయ్! మట్టి మబ్బులా లేచింది. పైపు గోడ దాకా వచ్చి ఆగింది.

"మేస్త్రీ, కన్నమేదీ?"

బాబాయి తెల్లబోయాడు. ఊరందరి గోడలకీ ఆయన వెళ్ళిపోయాక ఎవరో కన్నాలు కొట్టుకునేవాళ్ళన్నమాట! తన గోడకి మాత్రం చీమ తలంత సందు కూడా వదల్లేదు. "నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా?" అన్నాడు నీళ్ళాయన. "ఎవరూ ముట్టుకోకండి" అని బాబాయే ఉలి తెచ్చి ఆనించాడు. ఆ నునుపు మీద ఉలి నిలవదే! లోపల పిన్ని కేక ఉన్నట్టుండి ఆగిపోయింది. తలుపు సందులోంచి నర్సమ్మ, "నీళ్ళయ్యా! బిందె అయిపోయింది, నీళ్ళు!"

కళ్ళు మూసుకుని కొట్టాడు. ఒకటే దెబ్బ! ఉలి అవతలి గదిలో పడింది. పైపు దూర్చి తిప్పారో లేదో, నీళ్ళు ఎగిరి కప్పుకి తగిలాయి. కప్పుకేరా! బాబాయి లోపలికి పరిగెత్తి ఆ నీళ్ళ కిందే కూలబడి ఏడ్చాడు... ఏమిటా చూపు? నమ్మవూ? వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకుని ఒక నెరిసిన జుట్టావిడ ఉంటుంది, వెళ్ళి అడుగు. ఆ నీళ్ళతో మొదటి స్నానం ఆవిడదే. పేరా? కుళాయమ్మ.