గుండీ కుడుతూ చెప్పిన అబద్ధం

హత్యల సినిమా రెండో భాగంలోనూ దర్జీ వేషం కట్టిన నటుడు, తనకు కుట్టుపని నేర్పిన ముసలి దర్జీ తీర్పు కోసం దుకాణంలో స్టూలు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"మొదటి భాగంలో అచ్చం దర్జీవేనయ్యా. ఇందులో తేలిపోయావు."

"ఎక్కడ మాస్టారూ?"

"హంతకుడెవరో తెలియదని ఇన్‌స్పెక్టరుతో బొంకేచోట. గుండీ కుడుతూ ఆయన కళ్లలోకి చూస్తావేం? అబద్ధమాడేవాడికి చేతిలో పనికన్నా మంచి చాటేముంది? చచ్చినా తలెత్తడు."

"అయ్యో, నాకు తట్టనేలేదు! సోమవారం మూడో భాగం మొదలు. మళ్లీ అలాంటి సీనే."

"అయితే ఇదిగో చొక్కా. గుండీ కుడుతూ నాకో అబద్ధం చెప్పు."

నటుడు సూది మీదికి వంగాడు.

"మీ మాటలకు నేనేం నొచ్చుకోలేదు మాస్టారూ."

దర్జీ పకపకా నవ్వాడు.

"భేష్! నమ్మేశానయ్యా."