ఎడమ వైపు బ్లేడు

నా పేరు బొడ్డు కృపాదానం. తండ్రి దయానందం. వయసు నలభై నాలుగు. కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో ఒక పెట్రోలు డిపో మోటారు షెడ్డులో పదిహేడేళ్ళుగా ఫిట్టరును. ఈ రోజు 1963 జూలై 20, ఉదయం పది గంటలకు, పోలీసు స్టేషనులో దారోగా గారి ముందు చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

మా డిపో జీపు యుద్ధం నాటి అమెరికా బండి. స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. బురద దారుల్లో పైపులైను చూడటానికి వెళ్ళేది అదే. 17వ తేదీ బుధవారం ఉదయం తొమ్మిదింటికి దాని వైపర్ బ్లేడ్లు రెండూ తీశాను. రబ్బరు ఎండి చీలిపోయింది. స్టోరులో జీపు కొలత బ్లేడు ఒక్కటే ఉంది. మిగిలినవన్నీ లారీవి. ఒక్కటే ఉంటే డ్రైవరు వైపు వేయాలి. అది ఏ ఫిట్టరుకైనా తెలుసు. నాకూ తెలుసు.

అసిస్టెంట్ ఇంజనీరు శ్యామసుందర్ గారు వచ్చారు. "కొత్తది నా వైపు వెయ్యి. లైను చూడాల్సింది నేను" అన్నారు.

"తోలేవోడికి రోడ్డు కనబడాల గదండీ" అన్నాను.

"చెప్పింది చెయ్యవయ్యా. రిజిస్టరులో రెండూ కొత్తవని రాయి."

లారీ బ్లేడును రంపంతో కోసి ఎడమ వైపు బిగించాను. రెండూ కొత్తవని రాసి సంతకం పెట్టాను. మగ్గుతో నీళ్ళు కొట్టి చూస్తే ఎడమ అద్దం మధ్యలో జానెడు మేర తుడవలేదు. డ్రైవరు గవరయ్య సీట్లో కూర్చుని చూశాడు.

"ఇదేటన్నియ్యా, నా ఎదర ఏటీ అవుపడ్డం లేదు" అన్నాడు.

"ఈ పూటకి మెల్లగా తోలు. రేపు మార్సేస్తాను" అన్నాను.

సాయంత్రం నాలుగూ నలభైకి, కుండపోత వానలో, ట్రంకు రోడ్డు మీద సైకిలుపై వెళుతున్న ఒక జూట్ మిల్లు కార్మికుణ్ణి మా జీపు గుద్దింది. గవరయ్యే ఆయన్ని జీపులో ఆసుపత్రికి చేర్చాడు. ఆయన బతకలేదు. ఆరింటికి జీపు షెడ్డుకు వచ్చేసరికి ఆయన అన్నం డబ్బా ఇంకా బంపరుకు చిక్కుకునే ఉంది. నేనే తీశాను. మూత ఊడలేదు.

శ్యామసుందర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "పోలీసులు వచ్చేలోగా బ్లేడ్లు అటుది ఇటు మార్చెయ్యి. రిజిస్టరులో సంతకం నీదే, గుర్తుంచుకో" అన్నారు. ఆరూ ఇరవైకి మార్చాను. ఏడింటికి పోలీసులు వచ్చి డ్రైవరు వైపు కొత్త బ్లేడు చూసి రాసుకున్నారు. కుడి వైపు ఎవరూ చూడలేదు. తప్పంతా డ్రైవరుదేనని ఇంజనీరు గారు చెప్పారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. గవరయ్యను తీసుకుపోయారు.

ఎడమ అద్దం మీద గీత చూడండి. కోసిన లారీ బ్లేడు రేకు గీసిన గీత అది. కొత్త బ్లేడు అలా గీయదు.

నిన్న సాయంత్రం గవరయ్య భార్య అప్పాయమ్మ అతన్ని లాకప్‌లో చూసి నేరుగా మా ఇంటికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. "బావా, కంగారు పడొద్దన్నాడు. అన్నియ్యకి అంతా తెలుసు, అన్నియ్య అబద్ధం ఆడడు, ఆయన్నే అడగండని దారోగాకి సెప్పీసినాడట" అంది. నాకు సిగ్గేసింది. ఆమె మొహం చూడలేకపోయాను. నా భార్య కాంతం "ఏటయింది, అన్నం ముట్టవేటి?" అని రెండుసార్లు అడిగింది. ఉద్యోగం పోతుందని, నా మీద కూడా కేసు పెడతారని తెలుసు.

ఇదంతా తెలుగు వచ్చిన రైటరు గారు రాసి, చదివి వినిపించారు. ఒకచోట "ఇంజనీరు గారి ఒత్తిడి వల్ల" అని రాశారు. నేను ఆ మాట అనలేదు. అది కొట్టేసి "నేనే బిగించాను, నేనే మార్చాను" అని రాయించాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా జరిగింది జరిగినట్టే ఉంది.

(సంతకం) బొడ్డు కృపాదానం