మూడు ‘లేదు’లు

ఊపిరితిత్తుల స్కాన్ గది బయట, తమ్ముడు నింపిన కాగితం చదివి అక్క ముఖం చిట్లించింది.

“గుండెజబ్బు లేదు, షుగర్ లేదు, ఆయాసం లేదు. ఎవర్రా ఈ మహానుభావుడు?”

“మెల్లగా అక్కా! అవన్నీ ఉన్నాయని రాస్తే, ‘వీడు ఆపరేషన్‌కి తట్టుకోడు, స్కాన్ దండగ’ అని పంపించేస్తారు.”

“ఛీ! ఒకే జేబులో ఆయాసానికి పీల్చే మందూ, సిగరెట్ ప్యాకెట్టూనా! దేవుడిచ్చిన ఊపిరితో ఇవేం ఆటలురా?”

“క్యాన్సర్ ఉందో లేదో తెలిస్తే చాలక్కా.”

“ఉందని తేలి, నీ అబద్ధం నమ్మి కోస్తే బల్లమీదే పోతావు. లోపల పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టమంటారట. ఏదీ, బిగబట్టు.”

అక్క నాలుగు అనేలోపే తమ్ముడికి దగ్గు తెరలు తెరలుగా తన్నుకొచ్చింది. పొగ కంపుకి ఆమె ముక్కు మూసుకుంది.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని కలం ఆమె చేతికిచ్చాడు.

“నువ్వే రాయక్కా. ఆ మూడు ‘లేదు’లూ కొట్టేసి ‘ఉంది’ అని పెట్టు.”